హెచ్ పైలోరీ టెస్టు, 14 రోజుల కోర్సు సరిగ్గా ఎలా చేసుకోవాలి: యాసిడ్‌లో ఆ బ్యాక్టీరియా ఎలా బతుకుతుందో తెలిస్తే చీటీలో ప్రతి లైనూ అర్థమవుతుంది

మా అమ్మకి బ్రెత్ టెస్టు, అంటే ఊపిరి ఊదించి హెచ్ పైలోరీ అనే జీర్ణాశయపు బ్యాక్టీరియా ఉందో లేదో చూసే టెస్టు, నెగెటివ్ వచ్చింది. హమ్మయ్య అనుకుని ఇంటికొచ్చేశాం, కడుపులో మంట అలాగే ఉంది, గ్యాస్ టాబ్లెట్ అలాగే నడుస్తోంది, ఆరు నెలలకి ఒకరోజు పొద్దున్నే విరేచనం తారులాగా నల్లగా అయ్యి కళ్ళు తిరిగి బాత్రూమ్ దగ్గరే కూలబడిపోయింది. ఎండోస్కోపీ చేస్తే చిన్నపేగు మొదట్లో పుండు, జీర్ణాశయం లోపలి నుంచి చిన్న ముక్క తీసి ల్యాబ్‌కి పంపితే హెచ్ పైలోరీ ఉందని రిపోర్ట్. మరి ముందు టెస్టులో ఎందుకు దొరకలేదు అంటే, ఆ రోజు పొద్దున కూడా అమ్మ పాంటోప్రజోల్, అదే ఆ గ్యాస్ టాబ్లెట్, వేసుకునే వెళ్ళింది. ఆపమని ఎవరూ చెప్పలేదు, టెస్టు చేసినవాళ్ళూ అడగలేదు. నేను డిగ్రీ పిల్లలకి మైక్రోబయాలజీ చెప్తాను, ఈ బ్యాక్టీరియా యాసిడ్‌లో ఎలా బతుకుతుందో బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు, కానీ ఆ పాఠానికీ అమ్మ పొద్దున వేసుకున్న టాబ్లెట్‌కీ సంబంధం ఆ రోజు నాకు తట్టలేదు. ఆ బాధ ఇంకా పోలేదు. అందుకే ఇది రాస్తున్నా, ఇంకొకరి ఇంట్లో అలా జరగకూడదని.

ముందే ఒక మాట, మందులు ఏవి వాడాలో డాక్టరే రాయాలి, ఇది చదివి ఎవరూ మెడికల్ షాపుకి వెళ్ళి యాంటీబయాటిక్స్ కొనొద్దు. డాక్టర్ రాసినదాన్ని సరిగ్గా ఎలా పాటించాలి, ఎందుకు పాటించాలి, అదే నేను చెప్పేది.

ముందు ఆ యాసిడ్ సంగతి

ఖాళీ కడుపుతో ఉన్నప్పుడు జీర్ణాశయంలో పీహెచ్, అంటే ఆమ్లం ఎంతుందో చెప్పే కొలత, 1 నుంచి 2 దాకా ఉంటుంది. భోజనం చేశాక కాసేపు 4, 5 వరకు పెరిగి మళ్ళీ దిగిపోతుంది. పీహెచ్ లో ఒక్క అంకె తగ్గితే ఆమ్లం పది రెట్లు పెరిగినట్టు, అంటే మంచినీళ్ళ 7 తో పోలిస్తే 2 దగ్గర ఆమ్లం లక్ష రెట్లు. అంత యాసిడ్‌లో మామూలు బ్యాక్టీరియా పడితే హైడ్రోజన్ అయాన్లు లోపలికి దూరి ప్రోటీన్లు వాటి మడతలు విప్పేసుకుంటాయి, ఎంజైములు ఆగిపోతాయి, డీఎన్ఏ కూడా దెబ్బతింటుంది, నిమిషాల్లో చచ్చిపోతుంది. మనం తినే తిండిలో, తాగే నీళ్ళలో వచ్చే క్రిములు చాలావరకు ఈ గుమ్మం దాటలేవు. అందుకే డాక్టర్లు కూడా చాలాకాలం జీర్ణాశయంలో బ్యాక్టీరియా కాపురం పెట్టడం అసాధ్యం అనే నమ్మారు.

ఆ నమ్మకాన్ని పోగొట్టింది ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో ఇద్దరు డాక్టర్లు, రాబిన్ వారెన్, బారీ మార్షల్. వారెన్ 1979 నుంచే బయాప్సీ ముక్కల్లో వంకర తిరిగిన చిన్న బ్యాక్టీరియాని మైక్రోస్కోప్‌లో చూస్తున్నాడు, కానీ ల్యాబ్‌లో పెంచుదామంటే పెరిగేది కాదు, ఎందుకంటే రెండ్రోజులు చూసి ప్లేట్లు పారేసేవాళ్ళు. 1982 లో ఈస్టర్ సెలవులు వచ్చి ప్లేట్లు ఐదారు రోజులు ఇంక్యుబేటర్‌లోనే ఉండిపోయాయి, వచ్చి చూస్తే కాలనీలు. ఇది నిదానంగా పెరిగే రకం అన్నమాట. ఎవరూ నమ్మకపోతే 1984 లో మార్షల్ ఆ బ్యాక్టీరియా కలిపిన ద్రవం తనే తాగి, గ్యాస్ట్రైటిస్, అంటే జీర్ణాశయం లోపలి వాపు, తెచ్చుకుని, ఎండోస్కోపీలో చూపించాడు. 2005 లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. 1994 లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం దీన్ని క్యాన్సర్ కలిగించేవాటి మొదటి గ్రూపులో పెట్టింది. అది వచ్చిన ప్రతివాళ్ళకీ క్యాన్సర్ వస్తుందని కాదు, చాలామందికి జీవితాంతం ఏమీ అవ్వదు, కానీ తేలిగ్గా తీసుకునేది కూడా కాదు.

అది యాసిడ్‌లో చేసే పని

ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదవండి, కింద చెప్పేదంతా దీని మీదే నిలబడి ఉంది.

హెచ్ పైలోరీకి నిజానికి యాసిడ్ అంటే ఇష్టం లేదు. చాలామంది అది యాసిడ్‌లో హాయిగా పెరిగే క్రిమి అనుకుంటారు, కాదు, దానికి హాయిగా ఉండేది 6 నుంచి 8 పీహెచ్ మధ్యలో, మన ఒంట్లో మిగతా చోట్ల ఉన్నట్టే. యాసిడ్‌లో అది తన చుట్టూ చిన్న గొడుగు పట్టుకుని నెట్టుకొస్తుంది. ఆ గొడుగు పేరు యూరియేజ్, ఒక ఎంజైము. తన ఒంట్లో తయారయ్యే మొత్తం ప్రోటీన్‌లో దగ్గరదగ్గర పదో వంతు ఈ ఒక్కదాని మీదే ఖర్చు పెడుతుంది, అంత సంపాదనా ఒక్క కాపలాకి పోస్తుందంటే అది లేకపోతే దానికి బతుకే లేదని అర్థం. ఆ ఎంజైము పని చేయాలంటే నికెల్ లోహం కావాలి, తిండిలో నుంచి వచ్చే ఆ కొద్దిపాటి నికెల్‌ని కూడా పోగేసి దాచుకుంటుంది.

యూరియేజ్ చేసేది ఏంటంటే, యూరియాని విడగొట్టి అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్ చేస్తుంది. యూరియా ఎక్కణ్ణుంచి వస్తుంది అంటే మనమే ఇస్తాం, ఒళ్ళు ప్రోటీన్ వాడుకున్నాక మిగిలే వ్యర్థం అది, మన రక్తంలో ఎప్పుడూ ఉంటుంది, అందులో కొంచెం జీర్ణరసంలోకి కూడా ఊరుతూ ఉంటుంది. అమ్మోనియా క్షారం కాబట్టి లోపలికి దూరిన హైడ్రోజన్ అయాన్లని పట్టేసుకుంటుంది. కార్బన్ డయాక్సైడ్ కూడా వృథా పోదు, బ్యాక్టీరియా రెండు పొరల మధ్య ఉండే సందులో ఇంకో ఎంజైము దాన్ని బైకార్బొనేట్‌గా మారుస్తుంది, మనం కడుపు మంటకి తాగే సోడా ఉప్పులో ఉండేది కూడా బైకార్బొనేటే. అలా బయట 2, 3 ఉన్నా ఆ సందులో పీహెచ్ 6 దగ్గర నిలబెట్టుకుంటుంది.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా అనిపించేది దాని తలుపు. యూరియా లోపలికి రావడానికి లోపొరలో యూరె ఐ అనే చిన్న ద్వారం ఉంటుంది, బయట పీహెచ్ 7 ఉంటే అది మూసుకుని ఉంటుంది, 6 కంటే కిందకి దిగేకొద్దీ తెరుచుకుంటుంది. ఎందుకలా అంటే, యాసిడ్ లేనప్పుడు కూడా యూరియా లోపలికి వచ్చేస్తే అమ్మోనియా ఎక్కువైపోయి దాని క్షారంతో అదే చస్తుంది. వాన పడితేనే గొడుగు తెరవాలి అన్నట్టు. ఆ ద్వారాన్ని తయారుచేసే జీన్ తీసేసిన బ్యాక్టీరియా జంతువుల జీర్ణాశయంలో నిలదొక్కుకోలేకపోయిందని ప్రయోగాల్లో తేలింది.

ఇదంతా అది దారిలో బతకడానికి మాత్రమే. అది అసలు ఉండాలనుకునే చోటు వేరు. జీర్ణాశయం గోడ తన యాసిడ్‌కి తనే కాలిపోకుండా జిగురు పొర ఒకటి కప్పుకుని ఉంటుంది, మ్యూకస్ అంటాం, అందులో గోడ నుంచి బైకార్బొనేట్ ఊరుతుంది కాబట్టి గోడకి ఆనుకుని ఉన్న చోట పీహెచ్ దాదాపు 7. హెచ్ పైలోరీ చివర నాలుగైదు తోకలుంటాయి, ఒళ్ళు మెలి తిరిగి ఉంటుంది, యాసిడ్ ఎటు ఎక్కువుందో పసిగట్టి దానికి ఎదురు దిక్కుకి ఈదుతుంది. ఆ జిగురు మామూలుగా గట్టి జెల్లీలా ఉంటుంది, అందులో ఈదడం కుదరదు, కానీ ఆ జెల్లీ గట్టిగా ఉండేదే యాసిడ్ వల్ల, అమ్మోనియాతో చుట్టూ యాసిడ్ తగ్గించగానే అది పలచబడి దారి ఇస్తుంది. అంటే అదే యూరియేజ్ గొడుగూ అయ్యింది, దారి చేసే పారా కూడా అయ్యింది. అలా గోడ దాకా వెళ్ళి కణాలని పట్టుకుని కూర్చుంటుంది, అక్కణ్ణుంచి దశాబ్దాలు కదలదు.

ఇప్పుడు మూడు ముక్కలు గుర్తుపెట్టుకోండి చాలు. యూరియేజ్ యూరియాని విడగొడుతుంది. యాసిడ్ ఉంటేనే ఆ తలుపు బాగా తెరుచుకుంటుంది. పీహెచ్ 6 కి పైన అది పిల్లల్ని పెడుతూ విభజన చెందుతుంది, 4 నుంచి 6 మధ్యలో విభజన ఆపేసి ఊరికే బతికి ఉంటుంది.

ఎవరు టెస్టు చేయించుకోవాలి

జీర్ణాశయంలో కానీ చిన్నపేగు మొదట్లో కానీ పుండు ఇప్పుడు ఉన్నా ఎప్పుడో ఉన్నా చేయించుకోవాలి. రోజుల తరబడి పై కడుపులో నొప్పి, కొంచెం తినగానే నిండిపోయినట్టు ఉండటం, కారణం దొరకని ఐరన్ లోపం, ఇంట్లో అమ్మకో నాన్నకో తోబుట్టువులకో జీర్ణాశయం క్యాన్సర్ వచ్చి ఉండటం, చాలాకాలం యాస్పిరిన్ కానీ నొప్పుల బిళ్ళలు కానీ వాడాల్సి రావడం, ఇవన్నీ డాక్టర్‌తో మాట్లాడాల్సిన కారణాలే. నల్లటి జిగట విరేచనం, రక్తపు వాంతి, తిండి మింగుడు పడకపోవడం, ఊరికే బరువు తగ్గిపోవడం, పెద్ద వయసులో కొత్తగా మొదలైన కడుపు బాధ, ఇవి ఉంటే బ్రెత్ టెస్టు గిస్టు అని ఆలోచించకుండా నేరుగా గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి, వాళ్ళు ఎండోస్కోపీ చేస్తారు. రక్తం పడుతుంటే ఆ రోజే, ఆ గంటలోనే ఆసుపత్రికి.

మన దగ్గర జరిగేది ఏంటంటే ఏ కడుపు బాధ వచ్చినా గ్యాస్ ట్రబుల్ అనేసి షాపులో ఒక స్ట్రిప్ తెచ్చుకుని ఏళ్ళకేళ్ళు మింగుతాం. అమ్మ తొమ్మిదేళ్ళు మింగింది. కారం తిన్నావు అందుకే, టైముకి తినలేదు అందుకే అని మేమందరం తననే అన్నాం, కారం వల్ల మంట పెరగొచ్చు కానీ పుండు పడటానికి ముఖ్యమైన కారణాలు రెండే, ఈ బ్యాక్టీరియా ఒకటి, నొప్పుల బిళ్ళలు ఇంకోటి. అమ్మ మోకాళ్ళ నొప్పికి అవి కూడా వాడేది.

టెస్టుకి ముందు

టెస్టు దాదాపు అన్నీ బ్యాక్టీరియా బతికి ఉండి, తగినంత సంఖ్యలో ఉంటేనే కనిపెడతాయి, బ్రెత్ టెస్టు లాంటివాటికి దాని యూరియేజ్ కూడా పని చేస్తూ ఉండాలి. గ్యాస్ టాబ్లెట్, అంటే ఓమెప్రజోల్, పాంటోప్రజోల్, రాబెప్రజోల్, ఈసోమెప్రజోల్, వీటన్నిటినీ పీపీఐ అంటారు, బ్రాండు పేరు ఓమెజ్ అయినా పాన్ అయినా ఇంకోటైనా స్ట్రిప్ వెనక ఈ "ప్రజోల్" అనే తోక ఉందేమో చూడండి. ఇవి వాడుతుంటే యాసిడ్ తగ్గిపోతుంది, యాసిడ్ తగ్గితే ఆ తలుపు అంతగా తెరుచుకోదు, బ్యాక్టీరియా సంఖ్య కూడా పడిపోతుంది, మామూలుగా ఉండే కింది భాగం వదిలేసి పైకి జరుగుతుంది కూడా. చావదు, కనపడకుండా అణిగి ఉంటుంది అంతే. టెస్టు నెగెటివ్ వస్తుంది. అమ్మకి జరిగింది ఇదే.

కాబట్టి టెస్టుకి కనీసం 2 వారాల ముందు పీపీఐ ఆపాలి, యాంటీబయాటిక్స్ ఏ జబ్బుకి వాడినా, బిస్మత్ అనే లోహం ఉన్న కడుపు మందు వాడినా, చివరి డోసు తర్వాత 4 వారాలు గడవాలి. పంటి నొప్పికో గొంతు నొప్పికో వాడిన యాంటీబయాటిక్ కూడా లెక్కే, అది ఎవరికీ గుర్తుండదు, గుర్తు చేసుకుని చెప్పండి. కానీ పీపీఐ మీకు మీరే ఆపేయకండి, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు, ఈమధ్యే పుండు నుంచి రక్తం పోయినవాళ్ళు ఆపితే ప్రమాదం, డాక్టర్ని అడిగే ఆపాలి. ఆ రెండు వారాల్లో మంట వస్తే ఏం తాగొచ్చో ముందే అడిగి రాయించుకోండి, మామూలుగా జెలుసిల్, డైజీన్ లాంటి యాంటాసిడ్ సిరప్పులకి ఒప్పుకుంటారు. మంట తట్టుకోలేక పదో రోజున ఒక్కటే కదా అని పీపీఐ వేసేసుకుంటే ఆ సంగతి దాచొద్దు, టెస్టు వాయిదా వేసుకోవడమే మేలు.

బ్రెత్ టెస్టు ఇలా ఉంటుంది, కొన్ని గంటలు ఏమీ తినకుండా వెళ్ళాలి, సిగరెట్ తాగకూడదు, ముందు ఒక సంచిలోకి ఊదిస్తారు, తర్వాత ప్రత్యేకమైన కార్బన్ ఉన్న యూరియా ఇస్తారు, ఒక్కోచోట నిమ్మ ఉప్పు కలిపిన పుల్లటి నీళ్ళలో ఇస్తారు, అర గంట లోపు మళ్ళీ ఊదిస్తారు. మన ఒంట్లో కణాలకి యూరియేజ్ లేదు, కాబట్టి బ్యాక్టీరియా లేకపోతే ఆ యూరియా మూత్రంలో పోతుంది. ఉంటే అది విడగొట్టిన కార్బన్ డయాక్సైడ్ రక్తంలోకి, అక్కణ్ణుంచి ఊపిరిలోకి వచ్చేస్తుంది. అంటే ఆ క్రిమి గొడుగుని పట్టుకునే క్రిమిని పట్టుకుంటున్నాం. ఆ పుల్లటి నీళ్ళు ఎందుకో ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది, కాసేపు యాసిడ్ తగిలిస్తే తలుపు బాగా తెరుచుకుంటుంది, పైగా యూరియా త్వరగా పేగుల్లోకి జారిపోకుండా ఆగుతుంది. కార్బన్ 13 రకంలో రేడియేషన్ లేదు, కార్బన్ 14 రకంలో చాలా కొంచెం ఉంటుంది, గర్భిణులకి అది చేయరు, ఏ రకమో అడగండి.

మల పరీక్ష కూడా ఉంది, స్టూల్ యాంటిజెన్ అంటారు, మలంలో ఈ బ్యాక్టీరియా ప్రోటీన్లని వెతుకుతుంది, అది కూడా బాగా నమ్మొచ్చు, మందులు ఆపే రూల్ దానికీ అంతే. యాంటిజెన్ అని రాయించుకోండి, మామూలు మల పరీక్ష వేరు. ఎండోస్కోపీ చేస్తే ముక్కని పసుపు రంగు యూరియా బిళ్ళలో పెడతారు, గులాబీ రంగుకి తిరిగితే పాజిటివ్, అది కూడా అమ్మోనియా పనే. పుండు నుంచి రక్తం కారుతున్నప్పుడు ఈ రంగు మారే క్విక్ టెస్టు నెగెటివ్ వస్తే నమ్మకూడదు, ముక్క మైక్రోస్కోప్ కింద కూడా చూడాలి, కుదిరితే రక్తం ఆగాక మళ్ళీ చేయాలి. అమ్మకి కింది భాగం నుంచీ పై భాగం నుంచీ రెండు చోట్లా ముక్కలు తీశారు, పీపీఐ వాడినవాళ్ళలో బ్యాక్టీరియా పైకి జరుగుతుంది అన్నాను కదా, అందుకు.

రక్త పరీక్షలో చూసే యాంటీబాడీ టెస్టు మాత్రం, దాని మీద మందులు మొదలుపెట్టడం నాకు నచ్చదు. బ్యాక్టీరియా ఎప్పుడో పోయినా యాంటీబాడీలు, అంటే దాన్ని ఎదుర్కోవడానికి మన ఒళ్ళు తయారుచేసుకున్న ప్రోటీన్లు, నెలలు, ఏళ్ళు ఉండిపోతాయి. ఇప్పుడు ఉందా లేదా అనేది అది చెప్పదు. మందులు వాడాక పోయిందో లేదో చూడటానికైతే అసలు పనికిరాదు.

14 రోజుల కోర్సు

చీటీ చూస్తే భయం వేస్తుంది, రోజుకి పది పైన మాత్రలు కూడా ఉండొచ్చు. ఒక పీపీఐ రోజుకి రెండుసార్లు, దానితో రెండో మూడో యాంటీబయాటిక్స్, ఒక్కోసారి బిస్మత్. అమాక్సిసిలిన్, క్లారిత్రోమైసిన్, మెట్రోనిడజోల్, టెట్రాసైక్లిన్, వీటిలో నుంచి డాక్టర్ ఎంచుతారు. మన దేశంలో మెట్రోనిడజోల్‌కి లొంగని పైలోరీ చాలా ఎక్కువ, క్లారిత్రోమైసిన్‌కి లొంగనిది కూడా పెరుగుతోంది, అందుకే ఈమధ్య బిస్మత్ కలిపిన నాలుగు మందుల కోర్సు ఎక్కువ రాస్తున్నారు.

అందరూ అడిగే ప్రశ్న, కడుపు మంట ఇప్పుడు లేదు కదా, ఆ పీపీఐ ఎందుకు, యాంటీబయాటిక్స్ చాలవా అని. చాలవు. పైన మూడో ముక్క గుర్తుందా, 4 నుంచి 6 మధ్యలో అది విభజన ఆపేసి బతుకుతుంది అని. అమాక్సిసిలిన్ చంపేది కొత్త గోడ కట్టుకుంటున్న బ్యాక్టీరియాని, అంటే విభజన చెందుతున్నదాన్ని. ఊరికే ముడుచుకు కూర్చున్నదాన్ని ఏమీ చేయలేదు. పీపీఐతో జీర్ణాశయం పీహెచ్ 6 పైకి తెస్తే అది ఇంక భయం లేదనుకుని పెరగడం మొదలుపెడుతుంది, అప్పుడు మందు తగులుతుంది. క్లారిత్రోమైసిన్ యాసిడ్‌లో పాడైపోతుంది కూడా, యాసిడ్ తగ్గితే దానికీ మేలే. కాబట్టి ఆ పీపీఐ మంట కోసం రాసింది కాదు, యాంటీబయాటిక్ పని చేయడానికి రాసింది. దాన్ని ఎగ్గొడితే మిగతావన్నీ మింగినా సగం వృథా.

పీపీఐ తిండికి అరగంట ముందు వేసుకోవాలి, పొద్దున టిఫిన్‌కి ముందు, రాత్రి భోజనానికి ముందు. యాసిడ్ పోసే పంపులు తిండి తినేటప్పుడే పనిలోకి దిగుతాయి, పని చేస్తున్న పంపుని మాత్రమే ఈ మందు పట్టుకోగలదు, రక్తంలో అది గంటో రెండు గంటలో మాత్రమే ఉంటుంది, తిన్నాక వేసుకుంటే ఆ అవకాశం చాలావరకు దాటిపోతుంది. నమలకూడదు, నూరకూడదు, పైన ఉన్న పొర దాన్ని యాసిడ్ నుంచి కాపాడటానికే. వోనోప్రజాన్ అనే కొత్త రకం మందు కూడా ఇప్పుడు రాస్తున్నారు, దానికి ఈ తిండి టైము పట్టింపు అంతగా లేదు, యాసిడ్‌ని ఇంకా గట్టిగా ఆపుతుంది.

యాంటీబయాటిక్స్ చీటీలో రాసిన టైముకి, ఎక్కువగా తిన్నాకే ఉంటాయి. టెట్రాసైక్లిన్ ఉంటే పాలు, పెరుగు, కాల్షియం, ఐరన్ మాత్రలు, యాంటాసిడ్ సిరప్పులు దాని దగ్గరికి రానివ్వకండి, రెండు గంటలు ఎడం పెట్టండి, లేకపోతే అవి దాన్ని పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు. పెరుగన్నం లేకుండా మన భోజనం అవ్వదు, అమ్మకి ఇదే కష్టమైంది, చివరికి మధ్యాహ్నం మాత్ర టైము కొంచెం జరిపి పెరుగు వేరేగా సాయంత్రం తినేలా డాక్టర్ని అడిగి సర్దుకున్నాం. గ్లాసు నిండా నీళ్ళతో కూర్చుని మింగాలి, వెంటనే పడుకోకూడదు. గర్భిణులకి, చిన్నపిల్లలకి టెట్రాసైక్లిన్ ఇవ్వరు. షాపులో అది లేదని డాక్సీసైక్లిన్ ఇస్తే తీసుకోకండి, రెండూ ఒకటి కాదు, డాక్టర్‌కి ఫోన్ చేయండి.

మెట్రోనిడజోల్ ఉన్నన్నాళ్ళూ, అయ్యాక ఇంకో మూడు రోజులూ మద్యం ముట్టకూడదు, అందులో కల్లు కూడా మద్యమే. పెన్సిలిన్ పడనివాళ్ళు అమాక్సిసిలిన్ రాసేముందే చెప్పాలి. కొలెస్ట్రాల్ మాత్రలు, గుండె మందులు వాడేవాళ్ళు క్లారిత్రోమైసిన్ ఉంటే ఆ పాత మందుల స్ట్రిప్పులన్నీ పట్టుకెళ్ళి చూపించండి, కొన్ని కలిస్తే ప్రమాదం.

ఏమేం ఇబ్బందులు వస్తాయో ముందే తెలిస్తే మధ్యలో ఆపరు. నోరు చేదుగా, ఇనుము నాకినట్టు ఉంటుంది. వికారం, కొంచెం విరేచనాలు. బిస్మత్ ఉంటే నాలుకా, విరేచనమూ నల్లగా అవుతాయి, అది మందు రంగు, నల్లటి విరేచనం ఒకసారి చూసి భయపడ్డ ఇల్లు కదా మాది, నాలుగో రోజున అమ్మ ఏడ్చేసింది. రక్తం వల్ల అయ్యే నలుపు తారులాగా జిగటగా, భరించలేని వాసనతో ఉంటుంది, కళ్ళు తిరుగుతాయి, అలా ఏ మాత్రం అనుమానం ఉన్నా ఆసుపత్రికే. ఒంటి మీద దద్దుర్లు, ఆయాసం, ముఖం వాపు, ఆగని నీళ్ళ విరేచనాలు వస్తే మాత్రం మందులు ఆపి వెంటనే డాక్టర్‌కి చెప్పాలి. మిగతా చిన్న ఇబ్బందులు ఓర్చుకోవాలి.

మేము గోడ క్యాలెండర్ మీద 14 రోజులకీ గళ్ళు గీసి, వేసిన ప్రతి మాత్రకీ టిక్కు పెట్టాం. పీపీఐ మొత్తం 28 ఉండాలి, ముందే లెక్కపెట్టి కొనుక్కోండి, తొమ్మిదో రోజు షాపు మూసి ఉంది అనే కారణం రాకూడదు. ఒక పూట మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి, తర్వాతి పూట దగ్గరపడితే వదిలేయండి, రెండూ కలిపి వేసుకోవద్దు. అయిదో రోజుకే మంట పోతుంది, చాలామంది అక్కడే ఆపేస్తారు. మంట పోయింది యాసిడ్ తగ్గినందుకు, బ్యాక్టీరియా పోయి కాదు. జిగురు లోతుల్లో, గ్రంథుల్లో దాక్కున్నవి ఇంకా ఉంటాయి, అవి నిదానంగా పెరిగే రకం, 14 రోజులు పెట్టింది వాటికోసమే, సగంలో ఆపితే మిగిలేవి మందుకి లొంగనివి.

కోర్సు అయ్యాక

పోయిందో లేదో చూసుకోవాలి, ఇది దాదాపు ఎవరూ చేయరు. చివరి యాంటీబయాటిక్ తర్వాత కనీసం 4 వారాలు ఆగి, పీపీఐ 2 వారాలు ఆపి, బ్రెత్ టెస్టు కానీ స్టూల్ యాంటిజెన్ కానీ. తొందరపడి పది రోజులకే చేయిస్తే అణిగి ఉన్నది దొరకదు.

ఇంట్లో అందరికీ మందులు వాడాలా అని అడుగుతారు. లక్షణాలు ఉన్నవాళ్ళు టెస్టు చేయించుకోవాలి, ఊరికే మందులు మింగకూడదు. ఇది ఎక్కువగా చిన్నప్పుడే, ఇంట్లోవాళ్ళ నుంచే అంటుకుంటుంది, కాబట్టి పసిపిల్లలకి నమిలి పెట్టడం, ఎంగిలి స్పూనుతో పెట్టడం మానేయండి, బాత్రూమ్ నుంచి వచ్చాక సబ్బుతో చేతులు.

బ్యాక్టీరియా పోయాక ఆ గ్యాస్ టాబ్లెట్ ఇంకా అవసరమా అని కూడా డాక్టర్ని అడగండి. యాసిడ్ అనేది మనకి శత్రువు కాదు, గుమ్మం దగ్గర కాపలా. కలరా క్రిమి యాసిడ్‌కి చాలా సున్నితం, మామూలు యాసిడ్ ఉన్న మనిషికి జబ్బు రావాలంటే కోట్ల సంఖ్యలో మింగాలి, వాలంటీర్లకి సోడా ఉప్పు ఇచ్చి యాసిడ్ తగ్గించి చూస్తే అందులో వేలవంతు కూడా సరిపోయింది. రక్త విరేచనాల షిగెల్లా ఉంది చూడండి, అది యాసిడ్‌ని బాగా తట్టుకుంటుంది, పది నుంచి వంద క్రిములు చాలు. ఈ-కోలై అనే పేగు బ్యాక్టీరియాలో కొన్ని రకాలు మనం తిన్న ప్రోటీన్‌లోని గ్లూటమేట్ అనే పదార్థాన్ని వాడుకుని ఒక్కో హైడ్రోజన్ అయాన్‌ని మింగేసి బయటికి తోసేస్తాయి, సాల్మొనెల్లాకి ముందు కొంచెం యాసిడ్ తగిలితే అది సర్దుకుని తర్వాత గట్టి యాసిడ్‌ని కూడా ఓర్చుకుంటుంది. ఏళ్ళ తరబడి పీపీఐ వాడేవాళ్ళలో సాల్మొనెల్లా, క్యాంపైలోబ్యాక్టర్, సీ డిఫిసిల్ లాంటి పేగు ఇన్ఫెక్షన్లు ఎక్కువ కనిపిస్తాయి, కాపలా లేని గుమ్మం కాబట్టి. అవసరం ఉన్నవాళ్ళు, ముఖ్యంగా యాస్పిరిన్ మీద ఉన్నవాళ్ళు, వాడాల్సిందే. అవసరం లేనివాళ్ళు డాక్టర్‌తో మాట్లాడి మెల్లగా తగ్గించుకోవాలి, ఒక్కసారిగా ఆపితే కొన్నాళ్ళు యాసిడ్ ఎక్కువగా ఊరి మంట తిరగబెడుతుంది, దానికి కంగారుపడి మళ్ళీ మొదలుపెట్టేస్తారు.

కోర్సు తర్వాత టెస్టు మళ్ళీ పాజిటివ్ వస్తే అదే చీటీ పట్టుకెళ్ళి అవే మందులు తెచ్చుకోకండి. ఒకసారి వాడిన క్లారిత్రోమైసిన్ కానీ లీవోఫ్లాక్సాసిన్ కానీ రెండోసారి పనిచేయడం కష్టం, అమాక్సిసిలిన్, టెట్రాసైక్లిన్, బిస్మత్ లాంటివి మళ్ళీ వాడతారు. అందుకే మొదటి చీటీ ఫోటో, మధ్యలో ఎన్ని డోసులు తప్పాయో ఆ క్యాలెండర్ కాగితం ఫోటో, రెండూ ఫోన్‌లో దాచి పెట్టుకోండి, కొత్త డాక్టర్ మొదట అడిగేది అదే.